పున్నమ్మ పేజీ

స్వర్ణలత చేతులు ఊరికే ఉండలేవు. బాపట్లలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పనిచేసినన్నాళ్లూ ఆవిడ క్లాసు గోడలకి రంగు కాగితాల చేపలు, నెమళ్లు, రైలుబళ్లు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి. రిటైరయ్యాక ఇంట్లో గోడలున్నాయి గానీ వాటి కింద కూర్చుని నోరు తెరుచుకుని చూసే పిల్లలు లేరు. పెద్దమ్మ దిగాలు చూసి చెల్లెలు కుమారి కూతురు క్రిస్టినా ఒక ఆదివారం తెనాలి నుంచి వచ్చి, తన పాత లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టింది. క్రిస్టినా తెనాలిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది.

"ఇది తెల్ల కాగితం అనుకో పెద్దమ్మా. ఇక్కడ ఫొటో పెడతావు. పక్కన ఈ పువ్వులూ, రిబ్బన్లూ, పిట్టలూ ఉన్నాయి చూడు, వీటిని క్లిప్ ఆర్ట్ అంటారు. ఎవరో గీసి పెట్టిన బొమ్మలు. నీక్కావలసింది తెచ్చుకుని పేజీ మీద పెట్టేసుకోవడమే. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు."

కత్తెర అక్కర్లేదన్న మాట స్వర్ణలతకి అంతగా నచ్చలేదు. తక్కినదంతా తెగ నచ్చింది.

మొదటి పేజీ భర్త శాలేమురాజు మీద చేసింది. ఆయన బ్యాంకులో పదవీ విరమణ నాడు శాలువా కప్పుకుని దిగిన ఫొటో నడిమధ్య పెట్టింది. చుట్టూ బెలూన్లు పెట్టింది. బెలూన్ల మధ్య గులాబీలు పెట్టింది. గులాబీల మీద సీతాకోకచిలుకలు వాలాయి. శాలేమురాజు కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు.

"ఈ మూల ఎలుగుబంటి ఎవరు స్వర్ణా?"

"ఎవరూ కాదండి. అక్కడ ఖాళీగా ఉంటేనూ."

"నేనెక్కడున్నానా అని వెతుక్కుంటున్నాను."

ఫోన్లో ఆ పేజీ అందుకున్న క్రిస్టినా నవ్వాపుకుంటూ చెప్పింది. "పేజీకి మూడు బొమ్మలు చాలు పెద్దమ్మా. మా స్టూడియోలో మాకు ముందు నేర్పేది అదే."

"మూడు పూలతో ఎవరైనా పందిరి కడతారా?" అంది స్వర్ణలత. ఆ తర్వాత పేజీలో ఎలుగుబంట్లు రెండయ్యాయి.

ఇలా నాలుగైదు నెలలు గడిచాయి. ఈలోగా అన్నయ్య లూకాకి డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గర పడింది. ఆయనకి ఆల్బమ్ చేసి ఇవ్వాలన్న ఆలోచన రాగానే స్వర్ణలతకి కాలు ఒకచోట నిలవలేదు.

లూకా స్వర్ణలతకీ కుమారికీ పేరుకే అన్నయ్య. తండ్రి చేయవలసినవన్నీ చేసింది కూడా ఆయనే. వాళ్లది కొల్లూరు దగ్గర కృష్ణానది మధ్య లంక. నాన్న ముందే పోయాడు. అమ్మ పున్నమ్మ లంక తోటల్లో కూలికి వెళ్లేది, అరటి గెలలు తలకెత్తుకుని రేవులో పడవకి చేర్చేది. ఆవిడ కామెర్లతో చనిపోయేనాటికి లూకాకి పదిహేడేళ్లు. స్వర్ణలతకి పది. కుమారికి ఇంకా నాలుగు నిండలేదు. లూకా చదువు మానేసి రేపల్లెలో రైసు మిల్లులో చేరాడు. చెల్లెళ్లను మిషన్ హాస్టల్లో పెట్టి, ఆదివారం చర్చి కాగానే గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పొట్లం ఉండేది. ఒకర్ని టీచరు చేశాడు, ఒకర్ని నర్సు చేశాడు. ఇద్దరి పెళ్లిళ్లూ అయ్యాకే తను నిర్మలను చేసుకున్నాడు. ఇన్ని చేసిన మనిషి తన గురించి తను ఒక్క మాట కూడా చెప్పుకోడు. ఎవరైనా కదిలిస్తే, "అప్పుడందరూ అంతే," అని లేచిపోతాడు.

వదిన నిర్మలతో మాత్రం స్వర్ణలత విషయం చెప్పింది. నిర్మల బీరువా అడుగు నుంచి ఫొటోలు తీసి, ఆయన బయటికి వెళ్లినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీసి పంపేది. ఉన్నవి తక్కువ. పెళ్లి ఫొటోల్లో లూకా ఎక్కడో చివర వడ్డన బకెట్‌తో సగం కనిపిస్తాడు. లేని చోటల్లా స్వర్ణలత బొమ్మలతో నింపింది. మిల్లు కోసం పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీ దొరికింది. లూకా సైకిల్ కోసం వెతికితే ముందు బుట్టనిండా పూలున్న ఆడపిల్లల సైకిల్ దొరికింది. అదే పెట్టేసింది. హాస్టల్ గేటు దగ్గరికి ఆయన తెచ్చే పొట్లం కోసం ఎర్ర రిబ్బన్ కట్టిన గిఫ్ట్ పెట్టె దొరికింది. ఆ పొట్లాల్లో వచ్చినవి పకోడీలూ జీళ్లూ. అయినా ఆ ఎర్ర రిబ్బన్ చూస్తే ఆవిడకెందుకో కళ్లు చెమర్చాయి.

చిక్కంతా మొదటి పేజీ దగ్గర వచ్చింది. అన్నయ్య కథ అమ్మతో మొదలవ్వాలి. అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. పున్నమ్మ బతికినన్నాళ్లూ ఫొటో దిగలేదు. దిగమన్నవాళ్లూ లేరు.

స్వర్ణలత క్లిప్ ఆర్ట్‌లో అమ్మ కోసం వెతికింది. 'అమ్మ' అని ఇంగ్లీషులో కొడితే ఏప్రాన్ కట్టుకుని కేకు చేస్తున్న దొరసాని వచ్చింది. 'ఇండియా అమ్మ' అని కొడితే వడ్డాణం, చెంపసరాలు, పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకున్న పెళ్లికూతుళ్లు వరసకట్టారు. వాళ్లలో కాస్త నెమ్మదిగా ఉన్న ఒకావిడను ఎంచుకుని నగలు ఒక్కొక్కటే చెరిపింది. ముక్కుపుడక పోయింది, జడగంటలు పోయాయి. చివర బొట్టు చెరిపితే నుదుటి మీద చిల్లుపడి, దాంట్లోంచి వెనకాల పెట్టిన బంతిపువ్వు కనిపించింది.

"అయ్యో తల్లీ!" అని గబుక్కున లాప్‌టాప్ మూసేసింది.

సాయంత్రం కుమారికి ఫోన్ చేసింది. కుమారి అప్పుడే డ్యూటీ దిగి తెనాలిలో ఇంటికి చేరింది.

"అమ్మది గుండ్రటి మొహం కదే?" అంది స్వర్ణలత.

"గుండ్రటిదేంటి? కోలమొహం."

"నీకేం తెలుసే? నీకప్పుడు మూడేళ్లు."

"నాకేం తెలీదక్కా. నువ్వే చెప్పావు. హాస్టల్లో నాకు నిద్రపట్టకపోతే నువ్వు అమ్మ గురించి చెప్పేదానివి. అమ్మది కోలమొహం, గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ అని."

స్వర్ణలత ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. తను చెప్పిందా? చెల్లెలి ఏడుపు మాన్పించడానికి అప్పటికప్పుడు కల్పించి చెప్పిందా, లేక అప్పుడు గుర్తుండి ఇప్పుడు మరిచిపోయిందా? ఎంత తలుచుకున్నా తేలలేదు.

"నాకు గుర్తున్నది ఒక్క చీర వాసన," అంది కుమారి. "అది కూడా అమ్మదో, మన హాస్టల్ వార్డెనమ్మదో. అన్నయ్యనడుగు. పదిహేడేళ్లవాడు, ఆయనకే గుర్తుంటుంది."

అన్నయ్యని అడగడమంటే మాటలు కాదు. అయినా ఆ వారంలోనే స్వర్ణలత సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సెక్కింది. మదర్స్ డేకి చర్చి స్త్రీల సమాజం వాళ్లు పోస్టరు చేయమన్నారని చెప్పాలని దారిలో నిశ్చయించుకుంది.

లూకా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. చెల్లెల్ని చూడగానే మొహం విప్పారింది. నిర్మల భోజనం పెట్టింది. భోజనాలయ్యాక స్వర్ణలత లాప్‌టాప్ తెరిచి, ఏమీ ఎరగనట్టు అంది. "చూడన్నయ్యా, పోస్టరుకి ఒక కూలికెళ్లే అమ్మ బొమ్మ కావాలి. మన లంకలో ఆడవాళ్లలాగా. ఇదెలా ఉంది?"

అందులో ఒకావిడ చంకలో బుట్టతో నిలబడి ఉంది. బుట్టకి పిడి ఉంది, లోపల ఒక సీసా, పొడుగాటి రొట్టె ఉన్నాయి. పక్కనే స్వర్ణలత పెట్టిన అరటిపండుకి కళ్లూ నోరూ ఉండి, అది నవ్వుతోంది.

లూకా ఆ పండును చూసి పెద్దగా నవ్వాడు. నిర్మల వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన అలా నవ్వి చాలాకాలమైంది.

"ఈ పండెందుకు నవ్వుతుందమ్మా?"

"ఏమో అన్నయ్యా, అక్కడ దొరికేవన్నీ నవ్వుతూనే ఉంటాయి."

"గెల పెట్టాలమ్మా, ఒక్క పండేంటి? అదీ పచ్చిది. పండినవి మోస్తే రేవు దాటేసరికి నల్లబడిపోవూ?" కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ బుట్ట తీసెయ్. తలమీద గుడ్డ చుట్టకుదురు, దాని మీద గెల. అంతే."

స్వర్ణలత వెతికితే ఆరేడు పసుప్పచ్చ పళ్ల గుత్తి దొరికింది. ఒకదాని మీద ఒకటి పేర్చి గెల చేసింది, రంగు మార్చి పచ్చగా చేసింది. లూకా "ఇంకా పొడుగు," అన్నాడు. తర్వాత "చాలు," అన్నాడు. అప్పుడావిడ ధైర్యం చేసి అడిగింది.

"మొహం ఎలా ఉంటే బాగుంటుంది? కోలగానా, గుండ్రంగానా?"

లూకా చిక్కుడుకాయల పళ్లెం అవతల పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ఇది చర్చి కోసం కాదు కదే," అన్నాడు.

స్వర్ణలత తల దించుకుంది. "అమ్మ కోసం. నాకొక బొమ్మ కావాలనిపించింది. నాకూ కుమారికీ సరిగ్గా గుర్తులేదు. నీకైతే గుర్తుంటుందని."

ఆయన వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక ఆటో పోయింది. ఎదురింటావిడ ఏదో పలకరించింది, ఆయన వినిపించుకోలేదు.

"గుర్తుందనే అనుకునేవాణ్ణి స్వర్ణా," అన్నాడు చివరికి. "మిల్లులో పనిచేసేటప్పుడు రోజూ కనపడేది. తర్వాత తర్వాత... ఇప్పుడు అమ్మని తలుచుకుంటే నీ మొహం వస్తుంది. ఇంకోసారి కుమారి మొహం వస్తుంది. మా అమ్మాయి కనపడుతుంది. అమ్మ మాత్రం రాదు. మీరెప్పుడైనా అడుగుతారేమో, ఏం చెప్పాలా అని భయపడేవాణ్ణి."

అందుకా లేచిపోయేది! ఇన్నేళ్లూ అన్నయ్యది బింకమనుకుంది. స్వర్ణలత ఆయన చేతి మీద చెయ్యేసింది.

"పోనీలే అన్నయ్యా. వదిలేద్దాం."

"వదిలెయ్యడమెందుకు? వెనక నించైతే చెప్పగలను."

"వెనక నించా?"

"మనం ఎప్పుడూ వెనకాలే కదమ్మా నడిచేది. అమ్మ గెలెత్తుకుని ముందు పోయేది, మనం వెనక. లంక గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటేది? అమ్మ వీపు నాకు కళ్లకి కట్టినట్టుంటుంది."

ఆ మాటతో స్వర్ణలతకి కూడా ఒక్కసారిగా కనపడింది. చెమటకి తడిసి వీపుకి అతుక్కున్న జాకెట్, మెడ దగ్గర జారిన ముడి, ఎండలో ఎర్రబారిన మోచేతులు. ఇన్నేళ్లూ మొహం కోసం వెతుకుతూ దీన్ని చూడనేలేదు.

క్రిస్టినాకి ఫోన్ చేసింది. వెనక నుంచి కనిపించే ఆడమనిషి బొమ్మలు ఎలా వెతకాలో ఆ పిల్ల చెప్పింది. ఏ దేశపుదో గానీ కుండ ఎత్తుకుని నడిచిపోతున్న ఒకావిడ దొరికింది. కుండ తీసి గెల పెట్టారు. ఆ మీదట అన్నాచెల్లెళ్లిద్దరికీ కాలం తెలియలేదు.

"ముడి ఇంకా కిందికి. ఇంకా. ఊఁ, అక్కడ."

"చీర ఏ రంగు?"

"వెలిసిపోయిన రంగు."

"ఏ రంగు వెలిసింది అన్నయ్యా?"

"నాకు తెలిసేటప్పటికే వెలిసిపోయుందమ్మా."

"నడుం ఇలా ఒకవైపుకి ఒరగాలి కదూ?"

"కుడివైపుకి. ఎడంచేత్తో గెల పట్టుకునేది. చీర పైకి దోపు. పిక్కలు కనపడాలి."

పిక్కలు కనిపించాయి గానీ, ఆ బొమ్మలో ఆవిడకి బంగారు రంగు చెప్పులున్నాయి. స్వర్ణలత చెరపబోయింది. బొట్టు సంగతి గుర్తొచ్చి ఆగింది. చెరపడం మాని గడ్డి బొమ్మ తెచ్చి కాళ్ల ముందు పెట్టింది.

"అరె," అన్నాడు లూకా. "నిజంగానే గడ్డిలో కాళ్లు కనపడేవి కావు. మంచుకి తడిసి మోకాళ్ల దాకా ఉండేది."

స్వర్ణలత అలవాటుకొద్దీ ఒక సీతాకోకచిలుక తెచ్చి గెల పక్కన పెట్టి, అన్నయ్య వైపు చూసింది.

"అది ఉండొచ్చులే," అన్నాడాయన. "లంకలో ఉండేవి."

కాసేపు చూసి మళ్లీ అన్నాడు. "మరి వెనకాల మనం ఏరి?"

స్కూలు పిల్ల బొమ్మ ఒకటి వెతికి, సంచీ తీసేసి, స్వర్ణలతగా చేసి, అమ్మ కొంగు చివర పట్టించారు. లూకా తన భుజాలు తట్టుకుని చూపించాడు. "కుమారి ఇక్కడుండేది. నడవమంటే ఏడుపు. నా జుట్టు రెండు చేతుల్తో పట్టుకుని లాగేది." అలాంటి బొమ్మ కోసం క్రిస్టినాకి మళ్లీ ఫోన్ చేయాల్సొచ్చింది. ఆ పిల్ల వెతికి పంపింది. ఒక కుర్రాడు, భుజాల మీద చంటిది, ఇద్దరిదీ వీపే. కుర్రాడి కాళ్లకి నీలం రంగు బూట్లు.

"వీటికీ గడ్డి పెట్టేస్తానుండు," అంది స్వర్ణలత.

"వద్దు," అన్నాడు లూకా గబుక్కున. తర్వాత కొంచెం సిగ్గుపడ్డాడు. "ఉండనీ. ఆ వయసులో బూట్లు వేసుకోవాలని ఎంత సరదాగా ఉండేదో."

బూట్లు ఉంచేశారు.

తిరిగి వచ్చే బస్సులో స్వర్ణలత కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్లో పట్టుకుంది. ఇంటికొచ్చాక ఆల్బమ్ మొదట్నించీ మళ్లీ చూసింది. ప్రతి పేజీలోంచి ఎలుగుబంట్లని తీసేసింది. అమ్మ పేజీలో గెల, గడ్డి, ముగ్గురు పిల్లలు, ఒక సీతాకోకచిలుక. తక్కినదంతా తెల్లగా వదిలేసింది. శాలేమురాజు వెనక నిలబడి చూసి, ఏ వెక్కిరింతా లేకుండా, "ఇది బాగుంది," అన్నాడు.

పుట్టినరోజు ఆదివారమే వచ్చింది. చర్చిలో కృతజ్ఞత ప్రార్థన అయ్యాక అందరూ లూకా ఇంటికి చేరారు. కేకు కోశారు, బిర్యానీ తిన్నారు. క్రిస్టినా తన స్టూడియోలో అచ్చువేయించి తెచ్చిన ఆల్బమ్‌ని సంచిలోంచి తీసి మామయ్య చేతుల్లో పెట్టింది. లూకాకి ఒక్క పేజీ సంగతే తెలుసు. ఇంత పెద్ద పుస్తకం చూసి బిత్తరపోయాడు. పూలబుట్ట సైకిల్ పేజీ దగ్గర ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. పెళ్లిలో వడ్డన బకెట్ పేజీ దగ్గర నిర్మల, "ఇప్పటికీ అంతేగా, కూర్చోమంటే కూర్చోరు," అంది.

కుమారి మాత్రం మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. అందరూ చూశాక పుస్తకం తన ఒళ్లోకి తీసుకుని, మళ్లీ అక్కడికే తిప్పింది.

"ఇది అమ్మ. ఈ కొంగు పట్టుకుంది అక్క. అన్నయ్య భుజాల మీద ఇదెవరు?"

"ఎవరేంటి? నువ్వే," అన్నాడు లూకా.

"నేనా? నిజంగానా, లేకపోతే అక్క బొమ్మ దొరికిందని పెట్టిందా?"

"నిజంగానే. రోజూను."

కుమారి ఆ చిన్న బొమ్మని వేలితో నిమిరింది. ఆస్పత్రిలో ఎంతమందినో ఓదార్చిన మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నాకు అమ్మతో ఉన్న రోజు ఒక్కటి కూడా గుర్తులేదు. నేను అక్కడ లేనేమో అనిపించేది. మీరిద్దరే ఉన్నట్టు."

"నువ్వు లేకపోవడమేంటే పిచ్చిదానా? నా మెడ నొప్పి ఎవరి వల్ల వచ్చింది మరి?" అన్నాడు లూకా. ఏడుస్తున్న కుమారి నవ్వేసింది. ఆయన కుర్చీ వదిలి వచ్చి చెల్లెళ్లిద్దరి మధ్యా మంచం మీద కూర్చున్నాడు. అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మీకు తెలీదు, అమ్మకి పాములంటే భయం లేదు. కర్రతో పక్కకి నెట్టేసి పోయేది. కప్పలంటే మాత్రం హడలు. వానాకాలంలో గట్టంతా కప్పలే. అప్పుడు నన్ను ముందు నడవమనేది, తోలుకుంటూ పొమ్మని. నేను కావాలని తోలకుండా, అదిగో అమ్మా, ఇదిగో అమ్మా అనేవాణ్ణి. తలమీద గెలతో గట్టు మీద గెంతేది..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"ఏంటన్నయ్యా?" అంది స్వర్ణలత.

"వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కదా," అన్నాడు లూకా నెమ్మదిగా. "గెంతలేక, నవ్వాపుకోలేక, కొంగు పళ్లతో కరిచి పట్టుకునేది. కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వేది. ఆ కళ్లు ఇప్పుడు కనపడ్డాయి స్వర్ణా. చిన్న కళ్లు. నవ్వితే మూసుకుపోయేవి."

నిర్మల టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి, ముగ్గుర్నీ చూసి, పళ్లెం కిటికీలో పెట్టేసి తనూ ఒక కుర్చీ లాక్కుంది.

"తర్వాత?" అంది కుమారి, ముక్కు తుడుచుకుంటూ. "కప్పలు పోయాయా? గెల పడిపోయిందా? చెప్పన్నయ్యా, తర్వాత?"